మోడల్ 100కి మళ్ళీ ప్రాణం వచ్చింది – నా అనుభవం

నిన్న రాత్రి నా మోడల్ 100 తెర మీద అక్షరాలు కనబడ్డాయి. ఆ ఊపులోనే ఇది రాస్తున్నాను. రాజమండ్రి షాపాయన మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

తెలియనివాళ్ళ కోసం: ఇది 1983 నాటి కంప్యూటర్. జపాన్‌లో క్యోసెరా తయారుచేస్తే అమెరికాలో టాండీ అమ్మింది. ఏ4 కాగితమంత ఉంటుంది. తెర మీద పట్టేది 8 వరసలే. కానీ నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది కాబట్టి ఆ రోజుల్లో విలేకర్లు సంచిలో వేసుకుని తిరిగేవారు. తన చేత్తో ఎక్కువ భాగం కోడ్ రాసిన చివరి మెషీన్ ఇదేనని బిల్ గేట్స్ చెప్పుకున్నాడు.

మా బావమరిది సెలవులకి వస్తూ తెచ్చిపెట్టాడు. కింద నాలుగు స్క్రూలు తీస్తే మూత ఊడి వచ్చింది. లోపల మెమరీ చెరిగిపోకుండా చూసే చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది కారి, బోర్డు మీద చుట్టుపక్కల కరెంటు పారే రాగి గీతలకి పచ్చగా చిలుం పట్టింది. మాది నరసాపురం. ఈ ఉప్పుగాలిలో చిలుం మొదలైతే ఆగదు. తీగలు అతికే సన్నమొన సోల్డరింగ్ ఐరన్ నా దగ్గర లేదు కాబట్టి, పేరున్న షాపని రాజమండ్రి పట్టుకెళ్ళాను.

"ఏటి మాస్టారూ ఇది, క్యాలిక్యులేటరా?" అన్నాడు, షాపు నిండా జనం ఉండగా. "పాతసామాన్ల బండికి వేసేయండి, ఉల్లిపాయలైనా వస్తాయి." అందరూ నవ్వారు. ముప్పయ్యేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, అలా నిలబడాల్సొచ్చింది. అయినా పని ముఖ్యమని ఇచ్చి వచ్చాను. ఫోన్ చేసినప్పుడల్లా "ఆయ్, రేపు చూస్తానండి" అనేవాడు. చివరికి వెళ్తే తెర పూర్తిగా ఖాళీ. "బోర్డు పోయిందండి" అని సర్వీస్ చార్జీ కూడా తీసుకున్నాడు. ఇంటికొచ్చి భూతద్దంతో చూస్తే చిలుమంతా స్క్రూడ్రైవర్‌తో గీకేశాడు! రాగి మెరుస్తూ గీతలు గీతలుగా కనిపించింది. చేతకాకపోతే చేతకాదని చెప్పాలి. పక్కవాడి వస్తువు పాడుచేసి, పైగా వాణ్ణే నవ్వులపాలు చెయ్యడం ఏం పద్ధతి?

ఆ పట్టుదలతోనే మొత్తం నేనే చేశాను. సోల్డరింగ్ ఐరన్ కొన్నాను. కారింది క్షారం కాబట్టి తెల్ల వెనిగర్ దూదితో అద్ది, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. తెర మాత్రం వెలగలేదు. అప్పుడొక ఆలోచన వచ్చింది. ఈ మెషీన్ ఆన్ చేయగానే మెనూలో కర్సర్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష మీదే ఉంటుంది. చూడకుండానే ఎంటర్ కొట్టి, శబ్దం చేయించే బీప్ ఆదేశం టైపు చేసి మళ్ళీ ఎంటర్ కొట్టాను. కుయ్‌మంది! అంటే ప్రాసెసర్, మెమరీ, కీబోర్డ్ అన్నీ బాగున్నట్టే. లోపం తెర దగ్గరే.

ఈ తెరకి మైనస్ 5 వోల్టులు కావాలి. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఆ వోల్టేజ్ పుట్టేచోట సరిగ్గా ఉంది, తెర కనెక్టర్ దగ్గర సున్నా. దారి పట్టుకుని వెళ్తే రాగి గీత తెగింది సరిగ్గా ఆ మహానుభావుడు గీకినచోటే. వెంట్రుకంత తీగతో రెండు కొసలూ కలిపాను. తెర మీద తేదీ, మెనూ, కింద 29638 బైట్లు ఖాళీ అని వచ్చేశాయి. మా ఆవిణ్ణి నిద్రలేపి మరీ చూపించాను. బోర్డు పోయిందన్న మాటని నా చేతులతో అబద్ధం చేశాను, గర్వంగానే చెబుతున్నాను.

మీ దగ్గర ఇలాంటివి ఉంటే పనిచేస్తున్నా సరే, ముందు లోపలి బ్యాటరీ తీసేయండి. బదులుగా కార్డ్‌లెస్ ఫోన్‌లో వాడే 3.6 వోల్టుల బ్యాటరీని బోర్డుకి అంటించకుండా వైర్లతో దూరంగా పెట్టుకోండి. నేను ఈ ఆదివారం అదే బిగిస్తున్నాను.