పాలపిట్ట రెక్క కుదిరింది

ఆదివారం. పొద్దున్నే పులిహోర కలిపి పెట్టేశాను కాబట్టి మధ్యాహ్నం వంటింటి మొహం చూసే పని లేదు. కిటికీ పక్కకు కుర్చీ లాక్కుని పాలపిట్ట పని పట్టాను.

దసరా నాటికి గోడకు పెట్టాలని గుడ్డ మీద కుట్టడం మొదలెట్టిన బొమ్మ ఇది. ఆ రోజు పాలపిట్ట కంటపడితే మంచిదని మా వైపు పొలం గట్ల వెంట వెతుక్కుంటూ పోతారు. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు అది పెద్దగా కంటికి ఆనదు. గోధుమరంగు ఛాతీ, దాని మీద తెల్లటి గీతలు. రెక్క విప్పితేనే దాని సంగతి తెలిసేది: ముదురు నీలం, లేత నీలం పట్టీలు. అందుకే రెక్కలు విప్పినట్టు గీసుకున్నాను.

ఛాతీ పోయిన వారమే అయిపోయింది. లోపల కాస్త దూది పెట్టి, పైన ఊలుతో దగ్గర దగ్గరగా ఉచ్చులు కుట్టి, వాటిని కత్తిరించి పాత టూత్‌బ్రష్‌తో దువ్వాను. కోడిపిల్ల ఒంటిమీది నూగులా వచ్చింది. ముక్కు నల్లదారం, కన్ను ఒక పూస.

ఇవాళంతా రెక్కే. బీరువాలో అడుగున పడి ఉన్న పోచంపల్లి పట్టుచీర చిరుగు పట్టింది, దాని నీలం అంచులోంచి ఈకలు కత్తిరించాను. పోచంపల్లి వాళ్ల ఇక్కత్ పనిలో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు కదా, అందుకని రంగులు కలిసేచోట గీత గీసినట్టు ఉండదు, కాస్త అలుక్కుపోయినట్టు ఉంటుంది. ఈకకు అంతకంటే ఏం కావాలి! అంచున నాలుగు పోగులు లాగేస్తే కుచ్చులా విడిపోయింది. ఇంకా ఊడిపోకుండా లోపలివైపు కాడకుట్టు వేశాను.

పట్టుదారంతో శాటిన్ కుట్టు, అంటే పోగులు పక్కపక్కనే ఒత్తుగా పరిచే కుట్టు, వేస్తుంటే మాత్రం టైమే తెలియలేదు. దారం ఒకటే, రంగూ ఒకటే. కుట్టు నిలువుగా పడ్డచోట ముదురుగా, ఏటవాలుగా పడ్డచోట లేతగా కనబడుతోంది. గుడ్డ బిగించిన రింగు తిప్పితే రెండూ తారుమారు. అసలు పిట్ట ఈకలోనూ నీలం రంగుపదార్థం ఉండదు. ఈక లోపలి నిర్మాణం మీద వెలుతురు పడి చెదిరి, మనకు నీలంగా కనిపిస్తుంది. ఇక నాలుగు షేడ్ల దారాలు కొనడం దేనికి? కుట్టు వాలు చూసుకుంటే సరి.

అత్తమ్మ వచ్చి చూసి, "నాలుగు చమ్కీలు వెయ్యవే, మెరుస్తది" అంది. మగ్గం వర్కు జాకెట్లు చూసి చూసి ఆమెకు అదే కళ. "వద్దత్తమ్మా, అది పెళ్లికి పోతలేదు" అన్నాను. నవ్వి టీ పెట్టడానికి పోయింది.

విజయవాడలో ఉన్న చెల్లికి ఫొటో పంపితే, "మాకు రామచిలుక కావాలి" అని మెసేజ్. ఉమ్మడి రాష్ట్రంలో అందరికీ పాలపిట్టే రాష్ట్రపక్షి, 2018లో వాళ్లు చిలుకను పెట్టుకున్నారు మరి. చిలుక పచ్చదనం ఇంకో రకం: ఈకలోని పసుపు రంగూ, వెలుతురు తెచ్చే నీలమూ కలిసి పచ్చగా కనిపిస్తాయి. ఊరుకోబుద్ధి కాక, సూదిలో ఒక పసుపు పోగూ ఒక నీలం పోగూ కలిపి ఎక్కించి గుడ్డముక్క మీద కుట్టి చూశాను. నీలం మరీ ఎక్కువైంది. రేపు రెండు పసుపు పోగులకు ఒక నీలం వేసి చూడాలి.