చిన్న పిల్లోళ్ళతో బీచ్‌కి: మేం రూమ్ ఎట్ల వెతుక్కున్నామంటే

కడపలో ఉండేవాళ్ళకి సముద్రం అంటే తిరపతి పోయొచ్చినంత సులువేం కాదు. అదీ ఐదేళ్ళ పాప, ఇంకా రెండేళ్ళు నిండని బాబు, మోకాళ్ళ నొప్పులున్న అత్త, ఇంతమందిని కార్లో ఎక్కించుకుని పోవాలంటే యాడికి పోవాలి అనేదానికంటే పోయి యాడ దిగాలి అనేదే పెద్ద పని. మా ఆయనేమో "బీచ్ పక్కన ఏదో ఒక రూమ్ తీసుకుంటే సరిపాయ, రోజంతా నీళ్ళలోనే కదా ఉండేది" అన్నాడు. నేను కూర్చోని లెక్కేసినా. మన తూర్పు తీరంలో పొద్దు సముద్రం మీంచే పొడుస్తుంది, తొమ్మిదయ్యేసరికి ఇసుక కాలుతుంది, పిల్లోళ్ళని మల్ల దింపేది సాయంత్రం నాలుగున్నర దాటినాకే. ఎంత లాగినా నీళ్ళ దగ్గర ఉండేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు, మిగతా ఎండపూటంతా రూమ్‌లోనే. అందుకే నేను రూమ్ వెతికింది మధ్యాన్నం కోసం.

ముందు ఊరు తేలాలి కదా. మైపాడు మాకు అన్నిటికంటే దగ్గర, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరితే అక్కడి నుంచి కొంచెం దూరమే, పొద్దున పోయి సాయంత్రం వచ్చేసేదానికైతే బాగుంటుంది. రాత్రిళ్ళు ఉండాలంటే మాత్రం మా అవసరాలకి సరిపడే రూములు నాకు అక్కడ పెద్దగా కనపడలేదు. బాపట్ల దగ్గర సూర్యలంకలో టూరిజం వాళ్ళ హరిత రిసార్ట్ ఉంది, మా వదినోళ్ళు పోయొచ్చి బాగుంది అన్నారు గానీ శని ఆదివారాలు జనం ఇరగబడతారంట. వైజాగ్ రుషికొండకి 2020లోనే బ్లూ ఫ్లాగ్, అంటే మంచి బీచ్ అని ఇచ్చే గుర్తింపు, వచ్చింది, ఏం లాభం, కడప నుంచి వైజాగ్ చేరేలోపు పిల్లోళ్ళకంటే ముందు నేను సొమ్మసిల్లిపోతా. చివరికి చెన్నై ఈసీఆర్ (సముద్రం వెంబడి పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు తేల్చుకున్నాం, కోవళం నుంచి మహాబలిపురం మధ్యలో. కోవళం అంటే కేరళది అనుకునేరు, ఇది చెన్నై దగ్గరది, దీనికీ 2021లో బ్లూ ఫ్లాగ్ ఇచ్చినారు. ఆ జెండా ఉందంటే నీళ్ళు టెస్ట్ చేస్తారు, టాయిలెట్లు, స్నానానికి షవర్లు, చూసుకునేదానికి మనుషులు ఉంటారని అర్థం, ఆడపిల్లతో పోయేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

నెల ఎంచుకోవడంలో ఆలోచించేదేం లేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అటు వానలు, తుఫాన్లు, సంక్రాంతికి రేట్లు మండిపోతాయి, ఏప్రిల్ దాటితే మా కడప ఎండే చాలు మాకు. ఫిబ్రవరిలో, అదీ వారం మధ్యలో అనుకున్నాం. స్కూల్ పోతుందే అని అత్త అనింది, యూకేజీలో రెండ్రోజులు మానేస్తే ఐఏఎస్ ఏం పోదులే అత్తా అన్నా.

ఇంగ అసలు కథ. యాప్‌లో ప్రతిదీ "బీచ్ ఫ్రంట్" అనే ఉంటుంది. మ్యాప్ తెరిచి శాటిలైట్ వ్యూలో చూస్తే సగం రిసార్టులు ఈసీఆర్‌కి అవతలి పక్కనుండాయి, అంటే కార్లు సర్రుసర్రున పోయే ఆ రోడ్డుని చంకలో ఒకణ్ణి, చేతిలో ఒకదాన్ని పట్టుకుని రోజూ దాటాలన్నమాట. కొన్ని చోట్ల సముద్రం పక్కనే ఉంది గానీ ఒడ్డు వెంబడి బండరాళ్ళు పేర్చినారు, కోత పడకుండా వేసినవి, వాటి మీద పిల్లోళ్ళు ఎట్ల దిగుతారు. రిసార్ట్ వాళ్ళు పెట్టిన ఫోటోల్లో ఇవేవీ ఉండవు. పోయొచ్చినవాళ్ళు పెట్టిన ఫోటోలు చూడాల, రివ్యూల్లో కూడా ఐదు స్టార్లవీ ఒక స్టార్‌వీ వదిలేసి మూడు స్టార్లవి చదవండి, దోమలు, మెట్లు, వేడినీళ్ళు, జనరేటర్, అన్నీ అక్కడే దొరుకుతాయి.

అట్ల ఏరేసి మిగిలినవాటికి ఫోన్లు కొట్టినా. ఒకచోట రిసెప్షన్ అబ్బాయి "కిడ్స్ పూల్ ఉంది మేడం" అన్నాడు. వీడియో కాల్‌లో చూపించప్పా అంటే చూపించినాడు, పెద్ద పూల్‌లోనే ఒక మూల లోతు తక్కువ, మధ్యలో గోడ లేదు గేటు లేదు, తేలే తాడు ఒకటి కట్టినారంతే. పైగా వాళ్ళు మాకిస్తామన్న రూమ్ తలుపు తీస్తే నాలుగడుగుల్లో అదే పూల్. మా బాబు ఇంట్లోనే చిలుకు తీయడం నేర్చేసినాడు, నాకు గుండె జల్లుమంది. పోనీ పై ఫ్లోర్ చూపించమంటే బాల్కనీ రెయిలింగ్ కమ్మీలు అడ్డంగా ఉండాయి. అడ్డ కమ్మీలంటే పిల్లోళ్ళకి నిచ్చెనే. నిలువు కమ్మీలుండి వాటి మధ్య పిల్లోడి తల పట్టనంత సందే ఉంటే అప్పుడు పై ఫ్లోర్ గురించి ఆలోచించచ్చు.

అన్ని చోట్లా ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడిగినా, రాత్రి పదకొండుకి బాబు లేస్తే పాలు వేడిచేసి ఇస్తారా అని. కొందరు "కిచెన్ పదికే క్లోజ్ మేడం" అన్నారు, అయినా వాళ్ళ పేజీలో ఫ్యామిలీ రిసార్ట్ అనే ఉంటుంది. ఒకాయన మాత్రం "రూమ్‌లోనే ఇండక్షన్ స్టవ్ ఉందమ్మా, చిన్న ఫ్రిజ్ ఉంది, పాల ప్యాకెట్ పొద్దున్నే మావాడు తెచ్చిస్తాడు" అన్నాడు, అరవం కలిసిన తెలుగులో. అదే తీసుకున్నాం. రెండు బెడ్రూములు, గ్రౌండ్ ఫ్లోర్, పూల్ లేదు, ముందు సరుగుడు చెట్లు, వాటిని దాటితే ఇసుక. అత్త అడిగింది ఒకటే, బాత్రూమ్‌లో పట్టుకునేదానికి రాడ్ ఉందా అని. లేదు, ప్లాస్టిక్ స్టూల్ వేస్తామన్నారు, సరే అనింది.

డబ్బుల దగ్గర కూడా నాలుగు మాటలు అడగాల. యాప్‌లో కనపడే రేటు ఒకటి, ఎక్స్‌ట్రా బెడ్, ట్యాక్స్, టిఫిన్ కలిపితే తేలేది ఇంకొకటి. 2025 సెప్టెంబర్ నుంచి రాత్రికి 7,500 లోపు రూములకి జీఎస్టీ 5 శాతమే, ఆ పైన 18, అందుకే హద్దు దగ్గరుండే రూమ్‌కి ట్యాక్స్ ఎంత వేస్తారో ముందే కనుక్కోండి. అన్నిటికంటే ముఖ్యం క్యాన్సిలేషన్. చిన్నపిల్లలున్న ఇంట్లో నాన్ రీఫండబుల్ బుక్ చేస్తే డబ్బుల మీద ఆశ వదులుకోవాల్సిందే. అనుకున్నట్టే బయల్దేరే ముందు రోజు బాబుకి జొరం, రూమ్ ఇచ్చినాయనకి ఫోన్ చేస్తే రూపాయి కోయకుండా తర్వాతి వారానికి మార్చినాడు.

తెల్లారుజామున బయల్దేరి రేణిగుంట, పుత్తూరు మీదుగా పోయినాం. చెకిన్ రెండింటికి, ముందే చెప్పి పెట్టినాం కాబట్టి పన్నెండుకే తాళం ఇచ్చినారు. అనుకున్నట్టే మధ్యాన్నాలన్నీ ఆ హాల్లోనే గడిచినాయి, కింద చాప, పైన ఫ్యాన్, అత్త చారన్నం కలిపి పెడితే ఇద్దరూ తిని పడుకునేవాళ్ళు. సాయంత్రం పొద్దు మన వెనక పక్కుంటుంది కాబట్టి సరుగుడు చెట్ల నీడ ఇసుక మీద పడుతుంది, అప్పుడు దింపితే హాయి. నీళ్ళలోకి మాత్రం పాదాలు తడిసేదాకే, అక్కడ ఒడ్డు దాటంగానే లోతు పడిపోతుంది, అల వెనక్కి లాగే జోరుకి పెద్దోళ్ళకే కాళ్ళ కింద ఇసుక జారిపోతాది. అల పెద్దగా ఉన్న రోజు సముద్రం మానేసి మొసళ్ళ పార్కుకి తీస్కపోయినాం, మహాబలిపురానికి ముందే ఈసీఆర్ మీదే, 1976లో పెట్టినారంట. పాపకి సముద్రం కంటే అదే నచ్చింది, ఏం చేస్తాం.

అట్లాంటి ఇల్లు దొరికితే బుక్ చేసేటప్పుడే గ్రౌండ్ ఫ్లోర్ అని మెసేజ్‌లో రాయించుకోండి, నోటిమాటగా వద్దు. మేం ఉన్న చోట పై పోర్షన్ మెట్లకి గేటు లేదు.