"ఎవరికీ చెప్పకు నాన్నా"

గత ఏడాది మార్చిలో ఒక బుధవారం సాయంత్రం, డల్లాస్ దగ్గర మా ఇంటి తలుపు తీసేసరికి మెడలో ఐడీ కార్డుతో ఒకావిడ నిలబడి ఉన్నారు. సీపీఎస్ నుంచి, అంటే పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగం నుంచి వచ్చానన్నారు. పొయ్యి మీద కుక్కర్ ఉంది. ఆ తర్వాత అది ఎన్ని విజిల్స్ వేసిందో నాకు తెలియదు.

అప్పట్లో మా ఆయన ప్రాజెక్టు పని మీద వారంలో నాలుగు రోజులు వేరే ఊళ్ళో ఉండేవారు. నాకు మూడు రోజులు ఆఫీసు. రెండో తరగతి చదివే మా బాబు బస్సు దిగి, తనే తాళం తీసుకుని, నేను అయిదింటికి వచ్చేదాకా ఒక్కడే ఉండేవాడు. ఆఫ్టర్ స్కూల్‌లో సీటు దొరికేదాకా నెల రోజులేగా అనుకున్నాను. పొద్దున్న బూట్లు వేస్తూ రోజూ వాడికి చెప్పేదాన్ని, "ఇంట్లో ఒక్కడివే ఉంటున్నావని ఎవరికీ చెప్పకు నాన్నా" అని. ఒకరోజు ఆకలేసి స్టవ్ వెలిగించి నూడుల్స్ చేసుకున్నాడు. వేలు కాలింది. ఏమైందని స్కూల్లో అడిగితే జరిగింది చెప్పేశాడు.

టెక్సస్‌లో పిల్లల మీద నిర్లక్ష్యం జరుగుతోందని అనుమానం వస్తే ఎవరైనా రిపోర్ట్ చేయాల్సిందే. టీచర్లకైతే ఆ పని ఇంకొకరికి అప్పగించే వీలు కూడా లేదు. ఆ రిపోర్టులు తీసుకునే సీపీఎస్ ఫోన్ లైన్ 24 గంటలూ పనిచేస్తుంది. విన్న సంగతిని బట్టి ఎంత తొందరగా కదలాలో వాళ్ళు నిర్ణయిస్తారు. బిడ్డకి వెంటనే ప్రమాదం ఉందనిపిస్తే 24 గంటల్లో, లేకపోతే 72 గంటల్లో విచారణ మొదలుపెట్టాలి. చెప్పినవాళ్ళ పేరు బయటపెట్టరు. ఎవరు చెప్పారా అని రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకుని, తర్వాత మానేశాను. చెప్పినవాళ్ళు నా బిడ్డ వేలు చూశారు. నేను చూసి కూడా బర్నాల్ రాసి ఊరుకున్నాను.

ఆవిడ గుమ్మం దగ్గరే నా హక్కులన్నీ చెప్పి, ఒక కాగితం చేతికిచ్చారు. 2023 నుంచి ఇక్కడ అలా చెప్పడం తప్పనిసరి. లాయర్ లేకుండా మాట్లాడనని అనొచ్చు, కోర్టు ఆర్డర్ లేకుండా లోపలికి రావద్దనీ అనొచ్చు. ఎవరైనా అలా అంటే తప్పు చేసినట్టు కాదు. నేను మాత్రం లోపలికి రమ్మన్నాను. ఫ్రిజ్ తెరిచి చూశారు, మందుల డబ్బా ఎంత ఎత్తులో ఉందో చూశారు, స్టవ్ చూశారు, బాబు ఎక్కడ పడుకుంటాడని అడిగారు. తర్వాత వాడితో విడిగా మాట్లాడాలన్నారు.

తలుపు ఓరగా వేసి ఉంది. నేను వంటింట్లో నిలబడి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతున్నాను.

బయటికి వచ్చి ఆవిడ రెండు మాటలు చెప్పారు. "బాబుకి మీ ఫోన్ నంబరు నోటికి రాదు." రెండోది, "అమ్మ ఎవరికీ చెప్పొద్దంది అన్నాడు. ఇంకేమైనా చెప్పొద్దన్నారా అని కూడా అడిగాను."

ఆ రెండో మాటకి నా కాళ్ళు వణికాయి. పిల్లల్ని పాడుచేసేవాడు ఎవడైనా ముందు ఆ మాటే కదా అంటాడు! ఆ మాట పెద్దవాళ్ళ నోట వింటే పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాలని నేర్పాల్సిన తల్లినే నేను వాడికి దాన్ని అలవాటు చేశాను. నెల రోజులు, రోజుకోసారి.

ఈ సంగతి తెలిసిన స్నేహితులు ఫోన్ చేసి, పిల్లాడికి ఏం చెప్పాలో ముందే నేర్పి పెట్టమన్నారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. సీపీఎస్ అనగానే పిల్లల్ని లాక్కుపోతారన్న కథలే మన ఇళ్ళలో తిరుగుతాయి. అలా తీసుకెళ్ళడం జరగదని కాదు. కానీ దానికి కోర్టు ఆర్డర్ కావాలి. అంత వ్యవధి లేని ప్రమాదంలో ముందే తీసుకెళ్ళినా వెంటనే జడ్జి ముందుకు వెళ్ళాలి, 14 రోజుల్లో పూర్తి విచారణ జరగాలి. 2021లో చట్టం మార్చి, పెద్దవాళ్ళు ఏమవుతుందో బొత్తిగా పట్టించుకోకపోవడం వల్ల బిడ్డకి హాని జరిగితేనో, తక్షణ ప్రమాదంలో పడితేనో నిర్లక్ష్యం అని రాశారు. ఇన్నేళ్ళు నిండితే ఒంటరిగా ఉంచొచ్చని టెక్సస్ చట్టంలో వయసేమీ లేదు. మేరీలాండ్‌లోనైతే ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి కనీసం 13 ఏళ్ళవాళ్ళు తోడుండాలి. ఇక్కడ బిడ్డ వయసు, తెలివిడి, ఎంతసేపు ఉన్నాడు, ఆపదొస్తే ఎవరిని పిలవగలడు, ఇవన్నీ కలిపి చూస్తారు. మా అత్తయ్య ఫోన్‌లో "మన ఊళ్ళో పిల్లలు ఒక్కళ్ళే ఉండరా ఏంటి" అన్నారు. ఉంటారు. కానీ పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూస్తూ ఉంటారు. ఇక్కడ రెండేళ్ళయినా, అప్పటికి పక్కింటావిడ పేరు నాకు తెలియదు.

కొన్ని వారాలకి ఉత్తరం వచ్చింది, 'రూల్డ్ అవుట్' అని. అంటే నిర్లక్ష్యం జరగలేదని తేల్చారన్నమాట. అది వచ్చేలోపే నేను ఆఫీసులో అడిగి ఆ మూడు రోజులూ మూడింటికే వచ్చేలా మార్చుకున్నాను. పక్కింటికి వెళ్ళి పరిచయం చేసుకున్నాను. వాడిని కూర్చోబెట్టుకుని, "నేను చెప్పింది తప్పు. ఎవరు ఏది దాచమన్నా వచ్చి నాకు చెప్పు, నేను దాచమంటే టీచర్‌కి చెప్పు" అన్నాను. "మరి నీకు కోపం రాదా?" అన్నాడు. రాదన్నాను.

నంబరు మాత్రం తాతయ్య నేర్పారు, వీడియో కాల్‌లో, ఎక్కాల్లాగా. తొమ్మిది, ఏడు, రెండు అని మొదలుపెట్టి ఏడో అంకె దగ్గర ఆగిపోతాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటి నుంచి చెబుతాడు.