మునగదని చూశాం, వంగుతుందేమోనని చూడలేదు

గత ఆదివారం సాయంత్రం మేనల్లుడిని వెంటబెట్టుకొని లుంబినీ పార్కు నుంచి బుద్ధుడి దగ్గరకు బోటులో వెళ్లాను. హుస్సేన్‌సాగర్ నడుమ జిబ్రాల్టర్ రాయి మీద నిలిచిన ఆ 58 అడుగుల ఏకశిలా విగ్రహం దగ్గరకు చేరగానే అందరూ తలెత్తి ముఖం వైపు చూస్తుంటే, వాడు మాత్రం కింద పీఠం వైపు చూసి, "మామా, లారీ రాని కాడికి కాంక్రీటు ఎట్లొస్తది?" అని అడిగాడు. రాయగిరి కొండ రాతితో చెక్కిన ఆ విగ్రహం 1990 మార్చిలో తరలిస్తుండగా బల్లకట్టు మీది నుంచి సాగరంలో పడిపోయిందనీ, ఆ ప్రమాదంలో మనుషుల ప్రాణాలు కూడా పోయాయనీ, చివరకు దానిని పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారనీ వాడికి చెప్పాను. కానీ వాడు అడిగింది విగ్రహం గురించి కాదు, కాంక్రీటు గురించి. దానికి జవాబుగా కొన్నేళ్ల క్రితం కృష్ణా వెనుక జలాలలో మేము చేసిన ఒక పని కథ చెప్పడం మొదలుపెట్టాను. బోటు తిరిగి ఒడ్డుకు వచ్చేసరికి అది సగంలోనే ఉండిపోయింది. మిగిలిన సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆ చోటు సోమశిల వైపు, హైదరాబాదు నుంచి కొల్లాపూర్ మీదుగా దాదాపు నాలుగు గంటల ప్రయాణం. శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టంలో ఉన్నప్పుడు అక్కడి నీరు సముద్రంలా కనిపిస్తుంది. ఎండాకాలం వచ్చేసరికి వెనక్కి తగ్గి, ఎగువన సంగమేశ్వరాలయాన్ని కూడా బయటపెడుతుంది. మాకు అప్పగించిన పని ఒడ్డుకు 150 మీటర్ల దూరంలో ఉన్న ఒక రాతి దిబ్బ మీద పది మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల మందంతో ఒక వేదిక పోయడం. అంటే 28 ఘనపు మీటర్ల కాంక్రీటు. నగరంలో అయితే ఐదు ట్రాన్సిట్ మిక్సర్లతో, అంటే కాంక్రీటును కలుపుతూ మోసుకొచ్చే లారీలతో, మధ్యాహ్న భోజనానికి ముందే ముగిసే పని.

అక్కడ ముందుగా దారి గురించి ఆలోచించవలసి వచ్చింది. నిండు మిక్సర్ లారీని మోయగల పంటు ఆ రేవులో లేదు. దిబ్బ మీదే చిన్న మిల్లర్ పెట్టి కలుపుదామంటే ఇసుక, కంకర, సిమెంటు, నీళ్లు అన్నీ కలిపి దాదాపు 67 టన్నుల సామగ్రిని పడవల మీద దాటించి, తట్టలతో ఎత్తి, ఎక్కడా ఆగకుండా పోయాలి. మేస్త్రి దానికే మొగ్గు చూపాడు. రోజంతా సాగే ఆ పద్ధతిలో మధ్యలో ఎక్కడో గట్టిపడిన కాంక్రీటుకూ కొత్తదానికీ నడుమ ఒక అతుకు పడక మానదని నాకు భయం. హైదరాబాదు నుంచి రెడీమిక్స్ తెప్పించే మాటే లేదు. రెడీమిక్స్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 4926 ప్రకారం లారీలో నింపిన రెండు గంటలలోపు సాధారణంగా కాంక్రీటు దింపేయాలి. చివరకు ఒడ్డునే సామగ్రిని తామే ఎత్తిపోసుకునే రెండు సెల్ఫ్ లోడింగ్ మిక్సర్లతో కలిపి, ట్రైలర్ పంపు పెట్టి, నీటి మీద తేలే పైపులైను ద్వారా పంపాలని నిర్ణయించాం.

ఆ పైపులైను లెక్క ఇప్పటికీ నాకు కంఠతా ఉంది. 125 మిల్లీమీటర్ల పైపు, ఒక్కొక్కటి మూడు మీటర్లు, ఒడ్డు మీదా నీటి మీదా దిబ్బ మీదా కలిపి 67 పైపులు. ఒక పైపు ఖాళీగా సుమారు 40 కిలోలు, నిండితే 130 కిలోలు. 200 లీటర్ల ఖాళీ పీపా తన బరువు పోను దాదాపు 180 కిలోలను తేల్చి ఉంచుతుంది. కాబట్టి ప్రతి పైపు నడుమ కింద ఒక ఇనుప చట్రం, దానికి అటొక పీపా ఇటొక పీపా కట్టాం. మునిగే ప్రసక్తే లేదు. గాలికి లైను పక్కకు కొట్టుకుపోకుండా తాళ్లతో లంగర్లు వేశాం, ఒడ్డు దగ్గరా దిబ్బ దగ్గరా వంగడానికి వీలుగా రబ్బరు గొట్టాలు పెట్టాం. నేను ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను.

ఇక్కడ ఒక చిన్న గొడవ కూడా చెప్పాలి. 201 మీటర్ల పైపు తన కడుపులోనే దాదాపు రెండున్నర ఘనపు మీటర్ల కాంక్రీటును ఉంచుకుంటుంది. వేదికకు 28 చాలు కదా అని పని ఇచ్చినవారి స్టోరు మనిషి సరిగ్గా 28కే సిమెంటు పంపాడు. చివరన స్పాంజి బంతి పెట్టి వెనుక నుంచి నీటితో తోస్తే పైపులోది కూడా వేదికలోకే వస్తుందన్న మాట నిజమే. కానీ అంతా సవ్యంగా జరిగితేనే వస్తుంది. మేము సొంత డబ్బుతో కొల్లాపూర్ నుంచి మరో 30 బస్తాలు తెప్పించుకున్నాం.

ఫిబ్రవరి నెల, తెల్లవారుజామున ఐదు గంటలకు, నీరు అద్దంలా ఉన్నప్పుడు మొదలుపెట్టాం. ముందు సిమెంటు పాలు పంపి పైపు లోపలి గోడలు తడిపాం. లేకపోతే తొలి కాంక్రీటులోని సిమెంటు పాలు పొడి గోడలకే అంటుకుపోయి, మిగిలిన కంకర దారిలోనే బిగుసుకుంటుంది. ఆ పాలను దిబ్బ మీద ప్లాస్టిక్ పట్టా పరిచిన గుంతలోకి వదిలాం, ఎందుకంటే సిమెంటు నీటి క్షారం చేపలను చంపుతుంది, మా పడవవాళ్ల బతుకంతా ఆ చేపల మీదే. ఫోన్లకు సిగ్నల్ సరిగా లేనందువల్ల అటు ఇటు వాకీటాకీలు పెట్టుకున్నాం. పంపు ఒక్కో తోపు తోసినప్పుడల్లా నీటి మీది లైను మొత్తం కొండచిలువ కదిలినట్టు ఒకసారి ముందుకు ఉలికిపడి వెనక్కి సర్దుకునేది. చూడటానికి ముచ్చటగా ఉంది కానీ నేను అనుమానించవలసింది సరిగ్గా ఆ కదలికనే.

పదిహేడు ఘనపు మీటర్లు పడ్డాక, లైను వెంట పుట్టిలో కాపలా తిరుగుతున్న పెద్దాయన కేక వేశాడు: "సారూ, ఈడ నీళ్లు తెల్లగైతున్నయ్!" ఆ మాట వినేసరికే పంపు ఆపరేటరు, మేమంతా ఉస్తాద్ అని పిలిచే మనిషి, గడియారం లాంటి ప్రెషర్ ముల్లు వైపు చూస్తున్నాడు, అది పైకి ఎక్కుతోంది. పీపాలు పైపు నడిమిని ఎత్తి పట్టుకున్నాయి కానీ రెండు పైపులు కలిసే క్లాంపుల కింద ఏ ఆధారమూ లేదు. ప్రతి తోపుకూ ఆ కీలు కొద్దిగా కిందికి వంగుతూ, రబ్బరు వాషరు నలిగి సన్నగా నోరు తెరిచింది. ఆ సందులోంచి సిమెంటు పాలు బయటకు పోయాయి. పాలు పోయిన కాంక్రీటులో మిగిలేది కంకర, ఇసుక మాత్రమే, అవి ఒకదానికొకటి బిగుసుకుని బిరడాలా నిలబడిపోయాయి.

ఉస్తాద్ పంపును వెనక్కి తిప్పి పైపులోని ఒత్తిడి దింపాడు. ఆ పని చేయకుండా క్లాంపు విప్పినవాడి ముఖం మీదికే కాంక్రీటు దూసుకొస్తుంది. నేనూ ఇద్దరు ఫిట్టర్లూ పడవలో వెళ్లి నీళ్లు తెల్లబడిన చోటి 31వ పైపును సుత్తితో తట్టి చూశాం. బిరడా ఉన్న చోట చప్పుడు బండరాయిని కొట్టినట్టు మొద్దుగా వచ్చింది, మీటరు దాటాక స్వరం మారింది. కాబట్టి మార్చవలసింది ఆ ఒక్క పైపే. ఊగే పడవలో నిలబడి 130 కిలోల పైపును విప్పి, పలకల మీదుగా లోపలికి దొర్లించి, ఖాళీ పైపు ఎక్కించి బిగించడానికి 35 నిమిషాలు పట్టింది. ఈలోగా దిబ్బ మీద మేస్త్రి, తాను వద్దన్న పద్ధతి ఇలా కావడం చూసి ఒక్క మాట కూడా దెప్పకుండా, పోసిన అంచు మీద తడి గోనెలు కప్పి కూర్చున్నాడు. గట్టిపడటం ఆలస్యం చేసే మందు కలిపి ఉండటం వల్ల కాంక్రీటు ఇంకా ప్రాణంతోనే ఉంది. కొత్త మాలు రాగానే వైబ్రేటరు సూదిని పాత పొరలోకి కూడా దించి రెండింటినీ కలిపేశాం. పదిన్నరకు బంతి బయటకు వచ్చింది.

పక్క నెల అదే దిబ్బ మీద రెండో వేదిక పోసినప్పుడు పీపాలను పైపుల నడుమ నుంచి తీసి క్లాంపుల కిందికి జరిపాం, ప్రతి కీలుకూ కొత్త రబ్బరు వాషరు వేశాం. పీపాల సంఖ్య మారలేదు, బరువు మారలేదు, ఈసారి నీళ్లు మాత్రం ఎక్కడా తెల్లబడలేదు. పాతవి ఉండగా కొత్త వాషర్లు ఎందుకని అడుగుతూ పని ఇచ్చినవారు వెనక్కి పంపిన బిల్లు నా దగ్గరే ఉంది.