నెమలిని వెనక నుంచి చూశాను

ఈ ఏడు జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా ఊళ్లోనే ఉన్నాను. నాయనకు మోకాలి ఆపరేషన్ అయింది, ఆఫీసు పని ఇంటి నుంచే చేసుకోమన్నారు. కదిరి దగ్గర పల్లె మాది. పెరటి గోడ దాటితే చెనక్కాయ చేను, చేను దాటితే గుట్ట. ఆ గుట్ట మీద నెమళ్లు నా చిన్నప్పుడూ ఉండేవి. కానీ అప్పుడు నా ధ్యాసంతా రాలిన ఈకల మీదే.

జూన్ ఆఖర్లో ఒక సాయంత్రం బాగా మబ్బు పట్టింది. కళ్లంలో మగనెమలి పురి విప్పింది. నేను చింతచెట్టు కింద, దానికి వెనక వైపు ఉన్నాను. అటు నుంచి చూస్తే వేరే పక్షే! పింఛమే దాని తోక అనుకుంటాం. అసలు తోక పింఛం వెనక ఉంటుంది. పొట్టిగా, మట్టి రంగులో, విసనకర్రలా నిటారుగా నిలబడి ఆ బరువంతా ఆపుతుంది. పింఛం ఈకలు మొలిచేది తోకకు పైన, వీపు చివర. 150కి పైనే ఉంటాయి. రెండు పక్కలా ఇటుక రంగు రెక్కలు వేలాడుతూ వణుకుతున్నాయి.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు. ఎండుటాకుల మీద చినుకులు రాలినట్టు. సెకనుకు 25 సార్ల దాకా ఈకలు ఆడిస్తుందట, అయినా ముందు వైపు ఆ కన్నులు మాత్రం కదలకుండా గాల్లో నిలిచినట్టు కనబడతాయి. పెట్ట గింజలు ఏరుకుంటూ అటు వచ్చింది. మగది దానికి వీపు చూపిస్తూ నిలబడి, దగ్గరికి రాగానే గిర్రున తిరిగింది. పెట్ట తలెత్తలేదు. నాకు చాలా జాలేసింది.

మగనెమలి కన్నీళ్లు తాగి పెట్ట గుడ్లు పెడుతుందని మా అవ్వ చెప్పేది. ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. అన్ని పక్షుల్లాగే అవీ జతకడతాయి. వారం తర్వాత అదే కళ్లంలో నేను కళ్లారా చూశాను.

జులైలో చేను దున్నుతుంటే గట్టు వార, కంప కింద చిన్న గుంటలో ఐదు గుడ్లు కనబడ్డాయి. తమ్ముడు ట్రాక్టర్ ఆపి నాయనకు ఫోన్ చేశాడు. "ఆ మూల వదిలెయ్‌రా" అన్నాడు నాయన. విత్తనం పెళ్లగించి తింటున్నాయని రోజూ పొద్దున డబ్బా వాయించి నెమళ్లను తరిమే మనిషి ఆయన! ఆ నష్టం చిన్నది కాదు, మొలక వచ్చాక చూస్తే సాళ్లలో బారెడు బారెడు ఖాళీలు. 1963 నుంచి అది జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. దానికి హాని చెయ్యాలని మా ఊళ్లో ఎవరికీ లేదు. కానీ పోయిన విత్తనం ఖరీదు రైతు ఒక్కడే మొయ్యడం న్యాయం కాదు.

పెట్ట నాలుగు వారాలు పొదిగింది. మగది అటు తొంగి కూడా చూడలేదు. నాలుగు పిల్లలు బయటికొచ్చాయి, ఎండుగడ్డి రంగులో. తల్లి వెంట మిడతల కోసం సాళ్లలో పరుగెత్తేవి.

ఆగస్టులో పింఛం రాలడం మొదలైంది. తమ్ముడి కూతురు ఈక తెచ్చి నోటుబుక్కులో పెట్టుకుంది, మేతగా ఇంత తాటాకు ముక్క. పిల్ల పెడుతుందట. మేమూ అలాగే చేసేవాళ్లం. ఆ ఈకను కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టి చూపించాను. నీలమూ పచ్చా పోయి గోధుమ రంగే మిగిలింది. ఈకలో నీలం రంగన్నదే లేదని, లోపలి సన్నటి పొరల మీద పడిన వెలుగు అలా తిరిగొస్తుందని చెప్పాను. "మరి మళ్లీ బుక్కులో పెడితే నీలం వస్తుందా అత్తా?" అని అడిగింది. వచ్చింది. నాలుగైదు సార్లు తీసి పెట్టి చూసుకుంది.

నేను బయల్దేరే రోజుకు ఆ మగనెమలికి పొట్టి తోకే మిగిలింది. అంత పింఛం లేకపోయేసరికి గోడ మీది నుంచి చింతచెట్టు పైకి ఎంత తేలిగ్గా ఎగిరిందో!

నిన్న నాయన ఫోన్ చేశాడు. చెనక్కాయ పీకేశారు, పీకిన చెట్లు కళ్లంలో ఆరుతున్నాయి. మాట్లాడుతుంటే మధ్యలో డబ్బా చప్పుడు.