వోక్ ముందు నిలబడేవాడికి ఏం బట్టలు కావాలి

మా పిన్ని కొడుకు వచ్చే నెల దుబాయ్ వస్తున్నాడు, హోటల్ కిచెన్‌లో హెల్పర్‌గా. "అన్నా, డ్రెస్ వాళ్లే ఇస్తరంట కదా, నేనేం కొనక్కర్లేదు కదా" అన్నాడు ఫోన్‌లో. వీడియో కాల్ పెట్టమని ఎడమ చేతి మీద మచ్చ చూపించాను.

నా మొదటి హోటల్లో ఇచ్చింది పాలిస్టర్ కోటు. ఉతికితే ఇట్టే ఆరిపోతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, మేనేజర్‌కి కావాల్సింది అదే. ఓ రాత్రి రద్దీలో వోక్, అంటే నూడుల్స్ వేయించే గుంట పెనం, తిప్పుతుంటే బర్నర్ మంట స్లీవ్‌ని తాకింది. కాటన్ కూడా మండుతుంది, కాదనను, కానీ అది కరిగి చర్మానికి అతుక్కోదు. ఈ పాలిస్టర్ అతుక్కుంది. అప్పట్నుంచి కోటు ఇవ్వగానే లోపలి కుట్టు దగ్గర ఒక దారం పీకి లైటర్‌తో అంటిస్తా. కాగితం కాలిన వాసనొచ్చి బూడిదైతే కాటన్, ముడుచుకుని నల్లటి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. 65 శాతం పాలిస్టర్, 35 శాతం కాటన్ కలిసిన గుడ్డ ఎక్కువ ఉతుకులకు తట్టుకుంటుంది, కూరగాయలు తరిగేవాళ్లకి, గిన్నెల దగ్గరున్నవాళ్లకి చాలు. మంట ముందుంటే మాత్రం కాటనే, అదీ ఒక సైజు పెద్దది, ఉతికాక ఎలాగూ ముడుచుకుంటుంది. గుండీల బదులు ప్రెస్ బటన్లుంటే మేలు, వేడి సూప్ మీద పడినప్పుడు ఒక్క లాగుతో ఊడిపోవాలి.

ప్యాంటు కింద మడత పెట్టకండి, అందులో వేడి నూనె నిలుస్తుంది. అంచు షూ మీదికి రావాలి.

అసలు డబ్బు పెట్టాల్సింది షూకి. పన్నెండు గంటలు టైల్స్ మీద నిలబడే పని మనది. షూ పైన చిల్లులుండకూడదు, అడుగు జారకూడదు. ఆ అడుగు గాడుల్లో జిడ్డు నిండితే ఎంత ఖరీదైనదైనా జారుతుంది, రోజూ రాత్రి వేడి సబ్బునీళ్లతో బ్రష్ కొట్టాల్సిందే. పొద్దున్నే వెళ్లి కొంటే సాయంత్రానికి బిగుసుకుపోతుంది, పాదాలు వాస్తాయి కదా.

ఇంకోటి, నడుముకి చెక్కుకునే టవల్ తడిగా ఉంటే దాంతో వేడి పెనం పట్టుకోవద్దు, ఆవిరికి చెయ్యి కాలుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, అరచేయి చెప్పింది.

"మరి ఇంటి నుంచి ఏం తేవాలన్నా?" అన్నాడు. కాటన్ బనియన్లు ఆరు, తొడలు ఒరుసుకుపోతాయి కాబట్టి పౌడర్ డబ్బా, రూమ్‌లోకి రెండు లుంగీలు. షూ మాత్రం వచ్చాక, డ్యూటీ దిగి ఇద్దరం వెళ్లి కొందామన్నాను.