వంటింటి భాష

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు నిండాక మేము దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా వదిలి నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌కు వచ్చాము. ప్రిటోరియా బడిలో తనకు ఇంగ్లీషు తరువాత రెండో భాష ఆఫ్రికాన్స్. 1652లో ఆఫ్రికా దక్షిణ కొసన కేప్ రేవులో దిగిన డచ్చివారి మాటే అక్కడ మారుతూ మారుతూ ఆఫ్రికాన్స్ అయింది కదా, నెదర్లాండ్స్ భాష డచ్ ఇట్టే పట్టుబడుతుందని ధీమాగా ఉన్నాను. మొదటి వారమే ఏడుస్తూ ఇంటికి వచ్చింది.

లెక్కలు అయ్యాయా అని టీచరు అడిగితే "ఆంపర్" అన్నదట. ఆఫ్రికాన్స్‌లో ఆ మాటకు 'దాదాపు' అని అర్థం. ఒక్క లెక్కే మిగిలిందని తన భావం. డచ్‌లో అదే మాటకు 'అంతంతమాత్రంగా' అని అర్థం. పిల్లకు అసలు లెక్కలే రావడం లేదనుకుని ఆవిడ పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టారు. ఆ తరువాతి వారం నోటుపుస్తకంలో తన గురించి 'ఆర్దిఖ్' అని రాశారు. డచ్‌లో అది మెప్పు, కలుపుగోలు పిల్ల అని. ఆఫ్రికాన్స్‌లో మాత్రం 'అదోరకం' అని. ఒంట్లో నలతగా ఉన్నా అదే మాట వాడతారు. తనను వింతపిల్ల అన్నారనుకుని ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

"ఆ భాష మరిచిపో తల్లీ, ఇక్కడ దానితో పనిలేదు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

నా మనసు మార్చినది వంటిల్లు. ఇంటికి వచ్చిన స్నేహితురాలితో మా అమ్మాయి "కొంబెయిస్‌లోకి రా" అన్నది. ఆ పిల్ల పడీపడీ నవ్వింది: "మీరు ఓడలో ఉంటారా?" డచ్‌లో కొంబెయిస్ అంటే ఓడలోని వంటగది, ఇంట్లోదానికి వేరే మాట ఉంది. ఆఫ్రికాన్స్‌కు మాత్రం వంటిల్లంటే అదే. నావికులు ఒడ్డుకు దిగినా వాళ్ల మాట ఓడ దిగలేదన్నమాట. ఆ సాయంత్రం దాని గురించి చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. ఒకప్పుడు పెద్దమనుషులు ఆఫ్రికాన్స్‌నే 'కొంబెయిస్‌తాల్', అంటే వంటింటి భాష, అని ఈసడించేవారట. బానిసలు, పనివాళ్లు మాట్లాడే విరిగిన డచ్ అని వారి ఉద్దేశం. చదువుతూ పుస్తకం పక్కన పెట్టేశాను. మా ఇంట్లో తెలుగు ఎక్కడ మిగిలింది? వంటింట్లోనే కదా.

ఆ విరిగిన భాష 1925లో అధికార భాష అయింది. 1933లో బైబిలు మొత్తం అందులో అచ్చయింది. 'నేను', 'నువ్వు', 'అతను' ఏదైనా క్రియ ఒక్కటే. డచ్‌లాగా పదానికో లింగమని పిల్లలను సతాయించదు. కాదనడానికి మాత్రం 'నీ' అని వాక్యంలో ఒకసారి, చివర మరోసారి చెబుతుంది. మా అమ్మాయి డచ్ మాట్లాడేటప్పుడు కూడా చివర ఒక 'నీ' జారుతుంది. అది తప్పని ఇతరులు దిద్దుతారు. నేను మాత్రం దిద్దను.

ఇక మాటల సంగతి చెప్పాలంటే నాకు తనివి తీరదు. 'చాలా' అనడానికి వాడే 'బాయ' మలయ్ భాషలోని 'బన్యాక్' నుంచి వచ్చింది. అరటిపండు డచ్‌లో బనాన్, ఆఫ్రికాన్స్‌లో మలయ్ వారి 'పీసాంగ్'. గొడుగు పోర్చుగీసు నుంచి వచ్చిన 'సంబ్రీల్', పురుగు అక్కడి ఆదివాసులైన ఖోయ్ ప్రజల 'ఖోఖా'. మనం నీటిగుర్రం అనేదానిని డచ్చివారు నైలు గుర్రం అంటారు. ఆఫ్రికాన్స్‌లో అది సముద్రపు ఆవు. జిరాఫీ ఒంటెగుర్రం, లిఫ్టు ఎత్తే పెట్టె, పాప్‌కార్న్ గెంతే మొక్కజొన్న. ఊసరవెల్లి అయితే రంగులు మార్చే చిన్న మనిషి! అనాసను మాత్రం మనమూ డచ్చివారూ ఒకలాగే పిలుస్తాము, ఆఫ్రికాన్స్ వేరే దారి పట్టింది.

మాది బందరు. డచ్చి కంపెనీ వర్తకం చేసిన రేవు. మా ఊరున్న కోరమాండల్ తీరం నుంచి కేప్‌కు తరలించిన బానిసల పేర్ల చివర ఆ తీరం పేరే తగిలించి రాసుకున్నారు. ఆఫ్రికాన్స్‌లో మంచాన్ని 'కాటల్' అంటారు. అది తమిళుల 'కట్టిల్', పోర్చుగీసు మీదుగా అక్కడికి చేరింది. ఆ వంటిళ్లలో మా ఊరి వైపు ఆడవాళ్లు ఎవరైనా పొయ్యి ముందు కూర్చున్నారో లేదో ఎవరు చెప్పగలరు? ఆ ఆలోచన వచ్చాక ఆ భాషను పరాయిదని అనలేకపోతున్నాను. అలాగని తీపి కథలే చెప్పను. 1976 జూన్ 16న జొహన్నెస్‌బర్గ్ పక్కనున్న సొవెటోలో నల్లజాతి పిల్లలు ఆ భాషను తమ మీద రుద్దవద్దని వీధుల్లోకి వస్తే పోలీసులు కాల్చి చంపారని కూడా మా అమ్మాయికి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ప్రిటోరియాలో పొరుగింటి పెద్దాయన 'ఊమ్', ఆయన భార్య 'తానీ'. చుట్టరికం లేకపోయినా పెద్దవారందరినీ పిల్లలు అలాగే పిలుస్తారు, మనకు బాబాయి, పిన్ని ఎలాగో అలాగే. ఇక్కడ అలాంటి పిలుపులు ఎక్కువగా చుట్టాలకే. పక్కింటి డెబ్బయ్యేళ్ల ఆవిడ తనను పేరు పెట్టి పిలవమన్నారు. మా అమ్మాయికి నోరు రాలేదు. చివరకు ఆవిడే 'తానీ'కి ఒప్పుకున్నారు.

మరిచిపో అన్న మాటను నేను వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు ఆఫ్రికాన్స్ కూడా మా వంటింట్లో తెలుగు పక్కనే ఉంటోంది. నిన్న కూర తాళింపు వేస్తూ, అన్నం ఉడికిందేమో చూడమన్నాను. మూత తీసి "ఆంపర్" అన్నది.

"అక్కడి ఆంపరా, ఇక్కడి ఆంపరా?"

"అక్కడిదే అమ్మా."

సెగ తగ్గించి, కంచాలు పెట్టమన్నాను.